పచ్చకామెర్లని చెప్పుకున్న జబ్బు

పొద్దున్న తొమ్మిది దాటినా బేబీ టీచరు కళ్లు సగమే తెరుచుకుంటాయని కొత్తపేట వీధిలో ఒక నవ్వులాట ఉండేది. పాతపట్నంలో ఆ వీధి అంగన్‌వాడీని ఆమే నడిపేది. ఆయా కూర్మమ్మ పొయ్యి మీద గుడ్లు ఉడకేస్తుంటే, పిల్లలను పట్టా మీద కూర్చోబెట్టి బేబీ గోడకు జారబడి పాట అందుకునేది. ఆ పాట మొదట నసుగుతున్నట్టు ఉండి, ఎండ గుమ్మంలోకి వచ్చేసరికి గానీ ఊపందుకునేది కాదు.

"మా టీచరమ్మ బండికి పొద్దున్న సలి పట్టేస్తాది. కాసేపు తోస్తే గానీ కదల్దు," అనేది కూర్మమ్మ.

పిల్లలను దింపడానికి వచ్చిన తల్లులు నవ్వేవారు. బేబీ కూడా నవ్వేది. అది బద్ధకం కాదని, రాత్రి వేసుకున్న మాత్రల మత్తు పొద్దున్న దాకా వదలదని ఆ వీధిలో ఒక్కరికీ తెలియదు. తెలియకుండా ఉండడానికి ఇంట్లో అందరూ ఏళ్ల తరబడి పాటుపడ్డారు.

బేబీ పుట్టిల్లు చీపురుపల్లి. తండ్రి రైల్వే గ్యాంగులో పని చేసేవాడు. బాప్టిస్టు సంఘంలో పెరిగిన కుటుంబం. మేనత్త అప్పలమ్మ కొడుకు ప్రకాష్‌కే ఇచ్చి చేశారు కాబట్టి పాతపట్నం ఆమెకు కొత్త ఊరేమీ కాదు. తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది, శాంతి అని పేరు పెట్టుకున్నారు. పిల్లకు నెల నిండకముందే బేబీకి నిద్ర పట్టడం మానేసింది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. పసిపిల్ల ఉన్న ఇంట్లో తల్లికి నిద్ర ఏముంటుంది అనుకున్నారు. తర్వాత మాటలు ఎక్కువయ్యాయి. పాటలు పాడడం, ఉన్నట్టుండి లేచి గిన్నెలన్నీ తోమడం. ఆ తర్వాత నూతిలో ఎవరో మందు కలిపారని, ఆ నీళ్లు పిల్లకు తాగిస్తే చస్తుందని మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం పిల్లను చీర కొంగులో చుట్టుకుని రైలు స్టేషనుకు వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం చివర సిమెంటు బల్ల కింద దూరి కూర్చుంది. దగ్గరకు వచ్చిన వాళ్లనల్లా రాళ్లు తీసి బెదిరించింది. పని మీద నుంచి పరుగెత్తుకొచ్చిన తండ్రి "అమ్మా, నేనే," అంటే, అతన్ని కూడా ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూసింది. ఆయన ఎండలో ఆ బల్ల ముందు నేల మీద చతికిలబడి చాలాసేపు కూర్చున్నాడు. చివరకు పిల్ల ఏడుపు విని బేబీ తనంతట తానే పాలివ్వడానికి బయటికి వచ్చింది.

ఇంట్లో ప్రార్థనలు చేశారు. తల్లి ఎవరికీ చెప్పకుండా నిమ్మకాయలు దిగదుడిచే మనిషిని కూడా పిలిపించింది. దేనికీ తగ్గకపోతే విశాఖపట్నం తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చారు. పిల్లను అప్పలమ్మ పాతపట్నం తెచ్చేసి డబ్బా పాలతో పెంచింది. కోడలు ఏదని అడిగిన వాళ్లందరికీ ఒకటే మాట చెప్పింది.

"పచ్చకామెర్లమ్మా. బాగా ముదిరిపోనాయి."

అందుకని కొన్ని నెలల తర్వాత బేబీ బక్కచిక్కి అత్తింటికి వచ్చినప్పుడు వీధి ఆడవాళ్లు నేలఉసిరి దంచి పసరు పట్టుకొచ్చారు. పరగడుపున తాగమన్నారు. బేబీ ప్రతి పొద్దున్నా ముక్కు మూసుకుని ఆ చేదు పసరు తాగింది. తాగకపోతే ఎందుకు తాగవని అడుగుతారు. పప్పులో నూనె చుక్క కూడా లేకుండా తింది. కామెర్ల మనిషి అలాగే తింటుంది కాబట్టి.

డాక్టరు చెప్పింది మాత్రం వేరు. "ఇది కొన్నాళ్లు మనసును పరుగులు పెట్టిస్తుంది, కొన్నాళ్లు మంచం మీద నుంచి లేవనివ్వదు. మాత్రలు వాడినంతకాలం అదుపులో ఉంటుంది. ఆపొద్దు," అన్నాడు. బేబీ ఒక్కసారే ఆపింది. చర్చిలో పెట్టిన ఉజ్జీవ కూటాలకు వేరే ఊరి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు, విశ్వాసం ఉన్నవాళ్లు మందులు పారేయమన్నాడు. బేబీకి విశ్వాసం ఉంది. పారేసింది. నెల తిరిగేసరికి తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు. ఆ రోజుల్ని వీధికి నడుంనొప్పి అని చెప్పారు.

ఆ తర్వాత ఎప్పుడూ ఆపలేదు. అబద్ధం మాత్రం రోజుకొకటి కావలసి వచ్చేది. మాత్రలకు వేళ్లు సన్నగా వణికేవి. సంఘంలో ప్రభువు బల్లలో ద్రాక్షరసం తీసుకునేటప్పుడు చిన్న గాజు గ్లాసు వణికితే, పొద్దున్న ఏమీ తినలేదని చెప్పేది. ఆ మాత్రలకు నీళ్లు మానకూడదు కాబట్టి ఉపవాస ప్రార్థనలకు వెళ్లేది కాదు. ఆమెకు భక్తి తక్కువని అక్కడ అనుకునేవారు. ఒళ్లు వచ్చింది. "గవర్నమెంటు గుడ్లన్నీ టీచరమ్మే తింటన్నాది," అన్నారు. దానికీ నవ్వేది. వీధి చివరే జగన్నాధం గారి మందుల షాపు ఉన్నా అక్కడ ఒక్క మాత్ర కొనేవారు కాదు. ప్రకాష్ కరెంటు ఆఫీసులో కాంట్రాక్టు హెల్పరు. ఏదో ఒక పని పెట్టుకుని శ్రీకాకుళం వెళ్లి అక్కడి నుంచి తెచ్చేవాడు.

జబ్బు కంటే దాన్ని దాచుకుని మొయ్యడమే ఎక్కువ అలుపు. ఎవరికి ఏం చెప్పామో గుర్తు పెట్టుకోవాలి. ఇంటికి ఎవరొచ్చినా ముందు మాత్రలు దాచిన గూట్లోకి చూసుకోవాలి. శాంతి ఎదుగుతున్నకొద్దీ దాని కళ్లనుంచీ తప్పించాలి. "అమ్మకు రక్తం తక్కువ," అని చెప్పారు దానికి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. పాతపట్నంలో రేకులు లేచిపోయాయి, మహేంద్రతనయ పొంగి రోడ్ల మీదకు వచ్చింది. ఉద్దానం వైపైతే కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు వరసగా నేలకొరిగాయి. గాలి తగ్గీ తగ్గకముందే ప్రకాష్‌ను, ఇంకా కొంతమందిని లారీ ఎక్కించి అటు తీసుకుపోయారు. ఫోన్లు లేవు, కరెంటు లేదు, బస్సులు లేవు. ఆ వారమే శ్రీకాకుళం వెళ్లి మాత్రలు తెస్తానన్నాడు అతను. ఆ మాట ఇద్దరూ మర్చిపోయారు.

డబ్బాలో మాత్రలు అడుగంటాయి. బేబీ సగం సగం విరిచి వేసుకుంది. తర్వాత విరవడానికి కూడా మిగల్లేదు.

కొన్నాళ్లకు పొద్దున్నే తల తేలిగ్గా ఉంది. ఎన్నో ఏళ్లుగా లేని తేలిక. కళ్లు విచ్చుకున్నాయి. ఇల్లు కూలిన వాళ్లను బడిలో పెడితే, అంగన్‌వాడీ బియ్యంతోనే వాళ్లకు కూడా వండిపెట్టింది. తడిసిన పట్టాలు ఉతికి ఆరేసింది. గోడలు కడిగింది. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా కూర్చోలేదు. వీధంతా మెచ్చుకుంది.

"టీచరమ్మా, ఈ తుపానేటో నీకు కలిసొచ్చినాది. మనిషివే మారిపోనావు," అంది కూర్మమ్మ.

బేబీకి ఆ మాట బాగుంది. అంత బాగుండడమే భయపెట్టింది. ఇంత బాగున్నప్పుడే తాను మునిగిపోతానని ఆమెకు తెలుసు. అయినా ఇంకొక రోజు చూద్దాం అనుకుంది. బస్సులు మొదలవుతాయేమో, బావ వచ్చేస్తాడేమో. ఇంకొక రోజు అలాగే గడిచింది.

ఆ మర్నాడు కూర్మమ్మ ట్యాంకరు దగ్గర వరసలో నిలబడి రెండు బిందెల మంచినీళ్లు మోసుకొచ్చింది. బేబీ ఒక బిందెలోకి వంగి చూసి, మొహం చిట్లించి, రెండూ ఎత్తి కాలవలో పారబోసింది.

"ఇవేటి నీళ్లు. మందు వాసన వస్తన్నాది. పిల్లలకి ఇవి తాగిస్తావేటి?"

కూర్మమ్మ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఆ నీళ్ల కోసం ఊరంతా కొట్టుకుంటోంది. పిల్లలు దాహమని అడుగుతున్నారు. ఖాళీ బిందె చేతిలో పట్టుకుని బేబీ కూడా నిలబడిపోయింది. ఆ వాసన ఆమెకు తెలుసు. చీపురుపల్లి నూతిలో వచ్చిన వాసన అది. లేని వాసన.

ఇంటికి వచ్చి అప్పలమ్మతో చెప్పింది. "అత్తా, నాకు మళ్లీ వస్తన్నాది. జగన్నాధం గారి షాపుకి ఎల్లి మందు అడుగుతాను."

అప్పలమ్మ బియ్యం చెరుగుతోంది. చేట కింద పెట్టింది. "ఆళ్లకి సెప్తే ఊరికి సెప్పినట్టే. ఓ రెండ్రోజులు ఓపిక పట్టు. బస్సులు పడతాయి."

"రెండ్రోజులాగితే ఇది జబ్బని నాకు తెలీకుండా పోతాది. అప్పుడు నువ్వు మందు తెచ్చిచ్చినా నేను ఏసుకోను."

"ఇన్నేళ్లు కడుపులో పెట్టుకుని దాసినాను కదే. ఆడగుంట ఉన్నాది మనకి. రేపు దాన్ని ఎవులు సేసుకుంటారు?"

"గుంట ఉన్నాదనే అత్తా, ఎల్తానంటన్నాను."

అప్పలమ్మకు డెబ్బై ఏళ్లు. ఈ అబద్ధాన్ని కోడలి కంటే ఎక్కువ మోసింది ఆమే. చేట తీసుకుని మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. "ఎల్లు మరి. నాను మాత్రం రాను. ఆ మాట నాను యిననేను," అంది.

షాపుకి వెళ్లేముందు బేబీ సెంటరుకు వెళ్లింది. పిల్లలు వెళ్లిపోయారు. కూర్మమ్మ ఒక్కతే గిన్నెలు బోర్లిస్తోంది, ఇంకా కోపంగా ఉంది.

"కూర్మమ్మప్పా, నీళ్లు బాగానే ఉన్నాయి. నాకే బాగోనేదు," అంది బేబీ. "నాకు బుర్రకి సంబంధించిన జబ్బు ఉన్నాది. మందులు అయిపోయినాయి."

కూర్మమ్మ వెనక్కి తిరిగింది. "ఎప్పుట్నించి?"

"శాంతి పుట్టినప్పుట్నించి."

"అప్పుడు నీకు కామెర్లు కదా."

"కామెర్లు కావు."

కూర్మమ్మ చేతిలోని గిన్నె కింద పెట్టింది. "నాను కొండకాడికెల్లి నేలఉసిరి పీక్కొచ్చి, దంచి, రోజూ పొద్దున్నే నీకు తెచ్చినాను కదే," అంది. ఆ గొంతులో జబ్బు గురించిన బెదురు లేదు, తనను మోసం చేశారన్న బాధ ఉంది.

"తెచ్చినావు. తాగినాను."

"కామెర్లు నేకపోయినా తాగినావా?"

బేబీ తల ఊపింది. ఆ తర్వాత కూర్మమ్మకు రావలసిన భయం వచ్చింది. సూటిగానే అడిగింది. "పిల్లల్ని ఏటైనా సేస్తావేటి?"

ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని బేబీకి ఎప్పటి నుంచో తెలుసు. తనను తాను ఎన్నోసార్లు అడిగి చూసుకుంది కూడా. "ఎప్పుడూ ఏటీ సెయ్యలేదు. సెయ్యకుండా ఉండాలనే నీకు సెప్తన్నాను. మందు దొరికీదాకా పిల్లల్ని నువ్వు సూసుకో. నేను మరీ ఎక్కువ మాటాడినా, ఎవుల్నైనా తిట్టినా, ఇంటికి ఎల్లిపొమ్మను. నేను ఎల్లనంటే మా అత్తని పిలు."

కూర్మమ్మ సరేనంది. దగ్గరకు మాత్రం రాలేదు.

జగన్నాధం గారి షాపులో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. జ్వరాలు, దెబ్బలు, క్లోరిన్ బిళ్లలు. బల్ల వెనక ఆయన కోడలు రాధిక చిల్లర ఇస్తోంది. బేబీ ఖాళీ మాత్రల అట్ట చాచింది. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చదివాడు. మళ్లీ ఒకసారి చదివాడు.

"ఎవరికమ్మా ఇవి?"

చీపురుపల్లిలో ఉన్న ఎవరో చుట్టం పేరు చెప్పడం ఎంత సులువు. నోటి చివరే ఉంది ఆ మాట. కానీ చుట్టానికైతే ఆయన నిదానంగా తెప్పిస్తాడు.

"నాకేనండి."

వరసలో ఉన్నవాళ్లు తిరిగి చూశారు. జగన్నాధం గొంతు తగ్గించాడు. "మీ ఆయన ఎప్పుడూ నా దగ్గర కొనలేదే."

"శ్రీకాకుళంలో కొనేవాడండి. ఇక్కడైతే అందరికీ తెలుస్తాదని."

"మరి ఇప్పుడు తెలిసినా పరవాలేదా అమ్మా?"

"పరవాలేదని కాదండి. మందు లేదు."

ఆయన అట్ట మీది పేరు కాగితం మీద రాసుకున్నాడు. తన దగ్గర ఆ మాత్ర లేదని, పర్లాకిమిడిలో తన వియ్యంకుడి షాపు ఉందని, మర్నాటికి మనిషిని పంపి తెప్పిస్తానని చెప్పాడు. అన్నట్టే తెప్పించాడు. ఆ పూట నిద్రకు ఒక మాత్ర ఇచ్చి, "పాత చీటీ ఉంటే రేపు పట్టుకురా. రోడ్డు బాగవగానే మీ డాక్టరుకి చూపించుకో," అన్నాడు. ఆయన మంచివాడే. రాధిక కూడా మంచిదే. పాపం, అంగన్‌వాడీ బేబీకి ఇలాంటి జబ్బట అని, నిజంగా జాలిపడుతూనే, వచ్చిన ఇద్దరు ముగ్గురికి చెప్పింది. ఊరికి అది చాలు.

మందు మళ్లీ పట్టుకోవడానికి రోజులు పట్టింది. ఆ రోజుల్లో బేబీ సెంటరులో ఒక మూల కూర్చునేది. ఏ పిల్లయినా ఆమె వైపు పాకితే కూర్మమ్మ ముందే వెళ్లి ఎత్తేసుకునేది. తనే చెప్పింది అలా చెయ్యమని. అయినా ప్రతిసారీ బేబీ మొహం పక్కకు తిప్పుకునేది. మెల్లగా పొద్దుటి మత్తు తిరిగొచ్చింది. నీళ్లు నీళ్ల వాసనే వేశాయి.

అప్పటికి పట్టా మీద పిల్లలు తగ్గిపోయారు. పక్కింటి భరణి తన కొడుక్కి దగ్గు అంది. ఇంకొకామె తన పిల్లలు అమ్మమ్మ ఊరు వెళ్లారంది. దగ్గున్న పిల్లాడు వీధిలో బొంగరం ఆడుతూ కనిపించేవాడు. తల్లులు మధ్యాహ్నం పూట వచ్చి గుడ్లు, పాలు మాత్రం పట్టుకెళ్లేవారు. గుమ్మం దగ్గరే నిలబడి, కూర్మమ్మ చేతి నుంచి అందుకుని, "బాగున్నావా టీచరమ్మా," అని గట్టిగా, నెమ్మదిగా, చెవిటిదాన్ని పలకరించినట్టు పలకరించేవారు.

ఎవరో పైకి చేరవేశారు. సూపర్‌వైజరు కన్యాకుమారి వచ్చింది. ఆవిడ పొద్దుటే వచ్చి సాయంత్రం దాకా కుర్చీ వేసుకుని కూర్చుని, మిగిలిన కొద్దిమంది పిల్లలకు బేబీ పాట నేర్పడం, అన్నం పెట్టడం, ముక్కు తుడవడం చూసింది. వెళ్లేముందు బేబీని పక్కకు పిలిచింది.

"నువ్వు చెప్పకపోతే నాకూ తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి నేను ఏదో ఒకటి చెయ్యాలి. అదే నా తలనొప్పి," అంది. "ఎందుకు చెప్పుకున్నావమ్మా?"

"మందు అయిపోయిందండి," అంది బేబీ. ఆ జవాబు చెప్పీ చెప్పీ ఆమెకు విసుగొచ్చింది.

కన్యాకుమారి నిట్టూర్చింది. "నీకు బాగోనప్పుడు కూర్మమ్మ నాకు ఫోన్ చెయ్యాలి. నువ్వు సెలవు పెట్టాలి. దానికి ఒప్పుకుంటే ఇక నేనేమీ కదపను." బేబీ ఒప్పుకుంది.

ప్రకాష్ ఉద్దానం నుంచి వచ్చేసరికి మనిషి నల్లగా కమిలిపోయి ఉన్నాడు. అరచేతులు తాళ్లకు ఒరుసుకుపోయాయి. బస్సు దిగి టీ తాగుతుంటే షాపువాడే అడిగాడు, మీ ఆవిడకి తగ్గిందా అని. ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే గుమ్మంలో కూర్చున్నాడు.

"ఊరందరికీ సెప్పీసినావంట."

"నువ్వు లేవు కదా బావా."

అతను అరిచే మనిషి కాదు. చేతుల వైపు చూసుకుంటూ, "శ్రీకాకుళం బస్సు ఎక్కినప్పుడల్లా ఎవులైనా ఎక్కడికని అడుగుతారేమోనని నిద్రపోతన్నట్టు కళ్లు మూసుకునీవాడిని. ఇన్నేళ్లూ," అన్నాడు.

"ఇకమీద మూసుకోనక్కర్లేదు."

"ఊఁ," అన్నాడు. కోపమో, ఊరటో అతనికే తెలియలేదు. కాసేపటికి గోడకు తల ఆనించి అక్కడే నిద్రపోయాడు. బేబీ అతని చెప్పులు విప్పి లోపల పెట్టింది.

ఇంత జరిగినా ఒక మనిషికి మాత్రం బేబీ తన నోటితో చెప్పలేదు. వీధిలో అందరికంటే ఆలస్యంగా, బడిలో ఎవరి ద్వారానో శాంతికి తెలిసింది. దానికి పదమూడేళ్లు. రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. మూడోనాడు బేబీ పెరట్లో బట్టలు ఉతుకుతుంటే వచ్చి తూము పక్కన కూర్చుంది.

"నేను పుట్టాకే నీకు పిచ్చి వచ్చిందంట కదమ్మా."

ఆ మాట ఎవరు వాడారో బేబీ అడగలేదు. సబ్బు చేతులు చీరకు తుడుచుకుంది. "నువ్వు పుట్టాక వచ్చింది. నీ వల్ల రాలేదు."

"రెండూ ఒకటే కదా."

"కాదు. వానాకాలంలో పుట్టినంత మాత్రాన వాన నువ్వు తెచ్చినావేటి?"

శాంతి సబ్బు నురగలో వేలితో గీసింది. "నన్ను స్టేషనుకి తీసుకుపోయావంట. బల్ల కింద పెట్టావంట."

చీపురుపల్లి నుంచి అది కూడా చేరిందన్నమాట. దీన్నే దాచాలని ఇంతకాలం ఇల్లంతా కాపలా కాసింది. "అవును," అంది బేబీ. "నూతిలో నీళ్లు బాగులేవని, నిన్ను ఎవరో చంపేస్తారని అనుకున్నాను. అది నిజం కాదు. కానీ నాకప్పుడు నిజమే. నిన్ను దాచుకుందామనే ఎత్తుకుపోయాను."

"నన్ను పడేశావా?"

"ఒక్కసారి కూడా కింద పెట్టలేదు. మీ తాతని అడుగు."

శాంతి లేచి ఉతికిన దుప్పటి ఒక కొస అందుకుంది. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని పిండారు. "నాకూ వస్తుందా?" అని అడిగింది పిండుతూనే.

"రావచ్చు, రాకపోవచ్చు. నాకు తెలీదు. వస్తే ముందు నీకు నిద్ర పట్టదు. అప్పుడు నాకు సెప్పు. దాయకు."

మరో జవాబేదైనా ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది బేబీ. కానీ ఆ రోజు తూము పక్కన ఆమె దగ్గర ఉన్నది అదే.

డిసెంబరులో పాస్టరు ఏసుదానం గారు ఇంటికి వచ్చారు. పెద్దాయన, ఊరుకోబెట్టినట్టు మాట్లాడతారు. ప్రార్థన చేసి, టీ తాగి, విషయానికి వచ్చారు.

"క్రిస్మస్ ముందు ఆదివారం సాక్ష్యాలు పెట్టుకుంటున్నాం అమ్మా. నువ్వు కూడా లేచి నాలుగు మాటలు చెప్పు. ఇన్నాళ్లు మరుగున ఉంది. ఇప్పుడు ఎలాగూ బయటపడింది. దేవుడు నిన్ను స్వస్థపరిచాడని పదిమందికీ తెలియాలి."

"స్వస్థపడలేదండి అయ్యగారూ. మందులు ఏసుకుంటన్నాను."

"మందుల సంగతి అక్కడ ఎత్తనవసరం లేదు."

"అదెత్తకపోతే ఇంకేటుందండి సెప్పడానికి?"

ఆయన నొచ్చుకోలేదు. గడ్డం రుద్దుకున్నారు. "సరే, అది కూడా చెప్పమ్మా. డాక్టర్లను కూడా దేవుడే ఇచ్చాడు. జరిగింది జరిగినట్టే చెప్పు."

అప్పలమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కోడలి మొహం చూస్తోంది. ప్రకాష్ కూడా చూస్తున్నాడు. ఊరంతటికీ తెలిసిపోయాక ఇక దాచేదేముంది, చెప్పేస్తుందనే ఇద్దరూ అనుకున్నారు. బేబీ తల అడ్డంగా ఊపింది.

"నేను సెప్పనండి. సిగ్గుపడి కాదు. జరిగింది జరిగినట్టు సెప్పాలంటే శానా ఉందండి. నిలబడి అంతా సెప్పే ఓపిక నాకు లేదు. సగం సెప్తే అది మళ్లీ కామెర్లే అవుతాది. ఆ రోజు అవసరమై సెప్పినాను. ఇప్పుడు అవసరం లేదు." ఆగి, కొంచెం జంకుతూ అంది, "మీరే ఒక పని సెయ్యండి. ఎవరూ మందులు పారెయ్యొద్దని మీరు సెప్తే యింటారు."

ఏసుదానం గారు ఏ మాటా ఇవ్వకుండానే వెళ్లారు. ఆదివారం రోగుల కోసం ప్రార్థించేటప్పుడు మాత్రం, "మందులు వాడుకుంటున్న నీ బిడ్డలకు ఆ మందులు తప్పకుండా అందేలా చూడు తండ్రీ," అన్నారు. ఆ వాక్యం విని వెనక బెంచీలో ఒకావిడ తల మరింత వంచుకుంది. బేబీ అటు చూసి, చూపు తిప్పేసుకుంది. చెప్పుకోవడం, దాచుకోవడం ఆవిడ ఇష్టం.

సంవత్సరం మారాక పట్టా మీద పిల్లలు ఒకరొకరుగా తిరిగొచ్చారు. ఎవరూ క్షమాపణలు చెప్పలేదు, ఎవరూ కారణం చెప్పలేదు. కూలికి వెళ్లే తల్లులకు పిల్లల్ని ఎక్కడో ఒకచోట వదలాలి. భరణి మాత్రం తన కొడుకును కాన్వెంటులో వేసింది. ఎదురుపడితే ఇప్పటికీ గబగబా నవ్వేసి వెళ్లిపోతుంది. కూర్మమ్మ ఒక రోజు పని తొందరలో, ఏడుస్తున్న పిల్లను తెచ్చి బేబీ ఒళ్లో పడేసి, పొయ్యి దగ్గరకు పోయింది. తానేం చేసిందో ఆమె గమనించను కూడా లేదు. బేబీ గమనించింది.

పొద్దుటి పాట అలాగే నసుగుతూ మొదలవుతుంది. దాని మీద నవ్వులాట మాత్రం ఆగిపోయింది. తెలిశాక ఎవరూ నవ్వడం లేదు. ఆ నవ్వు పోయినందుకు బేబీకి కొంచెం వెలితిగానే ఉంటుంది.

ఇప్పుడు శ్రీకాకుళం తనే వెళ్తుంది. ప్రకాష్‌కు వీలైతే వస్తాడు. మొన్న ఫిబ్రవరిలో ఒక్కతే బస్సెక్కింది. పక్క సీటులో కూర్చున్న ముసలావిడ హిరమండలం దాటేసరికి ఊరూ పేరూ పిల్లలూ అన్నీ అడగడం పూర్తిచేసి, "ఎక్కడికెల్తన్నావమ్మా?" అంది.

"ఆసుపత్రికి."

"ఏటి జబ్బు?"

బేబీ ఆవిడ మొహం వైపు చూసింది. మంచి మొహమే. చెప్తే వింటుంది, జాలిపడుతుంది, తనకు తెలిసిన మందొకటి చెప్తుంది.

"ఉన్నాదిలే అమ్మా ఒకటి. ఈ రోజు సెప్పే ఓపిక లేదు," అంది.

ముసలావిడ సరేనని తల ఊపి, సంచిలోంచి ఒక జామకాయ తీసి ఇచ్చింది. బేబీ అది తింటూ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.